మోతి చెంప మీద సుడి

పటాన్‌చెరు చుట్టుపక్కల పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ నేను ఎక్కువగా చూసినవి బర్రెలు, మేకలు, కోళ్ళు. గుర్రాలు వాటి పక్కన లెక్కలోకి రావు. అయినా రిటైరయ్యాక ఎవరు ఏ సభకు పిలిచినా నన్ను "గుర్రాల డాక్టరమ్మ" అనే పరిచయం చేస్తారు. రెండు సంఘాలను కలిపిన మనిషి అని కూడా అంటారు. శాలువా కప్పుతారు. ఆ కాసేపూ నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చుంటాను. అదేదో వినయం అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొడతారు.

అది వినయం కాదు, సిగ్గు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ సిగ్గు ఎక్కడిదో చెప్పాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆడిట్ అభ్యంతరాలు రాయను. అవి మీకూ వస్తాయి, మీరూ తిట్టుకుంటారు.

ముందు బర్రెల సంగతి

మా నాన్నగారు గుంటూరు వైపు నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చారు. నేను కంపెనీ క్వార్టర్సులో పెరిగాను. పశువైద్యం చదువుతానంటే మా అమ్మ "పేడలో చేతులు పెట్టే చదువేమిటే" అని నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఎనభైల మొదట్లో నాకు ఇక్కడే పోస్టింగ్ వచ్చింది.

అప్పటి మా పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టరు, అంటే ఏడీ గారు, మంచి మనిషి. అందరికీ మంచి మనిషి, గొడవంతా అక్కడే ఉంది. చేరిన వారంలోనే నాకు ఉపదేశం చేశారు. "చూడమ్మా, ఇద్దరు పోట్లాడుకుంటూ వస్తారు. ఇద్దరూ టీ తాగి నవ్వుకుంటూ వెళ్ళాలి. అదే మన డ్యూటీ. మిగతాది పుస్తకాల్లోది."

ఒకసారి ఒక రైతు బర్రె వాగు నీళ్ళు తాగి చచ్చింది. వాగు నీళ్ళు ఆ రోజు ఇటుక రంగులో ఉన్నాయి. రైతూ వచ్చాడు, ఎగువనున్న కంపెనీ మనిషీ వచ్చాడు. నేను కోసి చూశాను. పేగుల లోపలి పొర కాలినట్టు ఉంది. అదే రాయబోతుంటే ఏడీ గారు నా భుజం మీదుగా చూసి, "కడుపు ఉబ్బింది కదా? అది రాయి" అన్నారు. ఉబ్బిన మాట నిజమే. చచ్చిన ప్రతి బర్రె కడుపూ ఉబ్బుతుంది. అదే రాశాను. ఇద్దరికీ టీ వచ్చింది. రైతు మాత్రం తాగలేదు.

అబద్ధం రాయకుండానే నిజాన్ని చిన్నది చెయ్యొచ్చని ఆ రోజు నేర్చుకున్నాను. మా బ్యాచ్‌లో నాకు తెలివైనదాన్నని పేరు. ఏ విద్య అయినా తొందరగా పట్టేదాన్ని.

ఒక జాతికి రెండు పుస్తకాలు

గుర్రాలు నా దగ్గరికి అనుకోకుండా వచ్చాయి. వెంకటరత్నం గారని పటాన్‌చెరులో మెషిన్ షాపు యజమాని ఉండేవారు. ఆయనదీ మా నాన్నగారి జిల్లానే. సరదాకి గుర్రాలు పెంచేవారు. ఒక గుర్రానికి కడుపునొప్పి వచ్చి నేలమీద దొర్లుతుంటే కబురు పెట్టారు. నేను వెళ్ళేసరికి పనివాళ్ళు సీసాతో నూనె పోయబోతున్నారు. సీసా లాక్కుని అవతల పారేశాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి, గుర్రానికి వాంతి కాదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే మీ చేతుల్లోనే పోతుంది. ముక్కులోంచి గొట్టం వేసి, నొప్పికి ఇంజెక్షను ఇచ్చి, తెల్లారేదాకా దాన్ని నడిపించాం. అది బతికింది. ఆ దెబ్బతో నేను గుర్రాల డాక్టరునయ్యాను.

అప్పట్లో ఈ ప్రాంతంలో గుర్రాల పిచ్చి ఉన్నవాళ్ళు రెండు జట్లు. పటాన్‌చెరు క్లబ్బుకు వెంకటరత్నం గారు పెద్ద. ఫ్యాక్టరీల వాళ్ళు, ఇంజనీర్లు అందులో ఉండేవారు. సంగారెడ్డి సంఘానికి విఠల్‌రెడ్డి గారు పెద్ద. ఆయన్ని అందరూ పటేలా అని పిలిచేవారు. తాతల నాటి నుంచి గుర్రాలున్న భూస్వాముల కుటుంబాలన్నీ ఆయన వెనక. రెండు జట్ల కోరికా ఒకటే. మన దక్కనీ గుర్రాన్ని ఒక జాతిగా ప్రభుత్వం గుర్తించాలి. పొట్టిగా, గట్టిగా, రాళ్ళల్లో కూడా తడబడకుండా నడిచే గుర్రం అది. ఎవరూ పట్టించుకోక, కనబడిన గుర్రంతో కలిసిపోయి మాయమైపోతోంది.

కోరిక ఒకటే గాని పుస్తకాలు రెండు. ఏ గుర్రం అసలైనది, దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని ఎవరి పుస్తకం వాళ్ళు రాసుకునేవారు. ఒకరి పుస్తకంలో ఉన్నదాన్ని ఇంకొకరు కల్తీ అనేవారు. తమాషా ఏమిటంటే రెండింట్లోనూ ఉన్న గుర్రాలు కొన్ని ఉండేవి, ఇక్కడ ఒక పేరుతో, అక్కడ ఇంకో పేరుతో. వయసు కూడా సంగారెడ్డిలో ఒకటి, పటాన్‌చెరులో ఒకటి. ముంబై హైవే మీద అంత దూరం పోయేసరికి గుర్రానికి ప్రాయం తగ్గేది.

తొంభైల నడుమ పైనుంచి వచ్చిన అధికారులు ఒక్క మాట అన్నారు. "ఒకే జాతికి రెండు పుస్తకాలు తెస్తే మేం ఏది నమ్మాలి? ముందు మీరు కలిసి రండి." అప్పుడు ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. నేను గవర్నమెంటు మనిషిని, ఏ జట్టూ కాదు. అందుకని అన్ని గుర్రాలనూ నేనే చూసి, కొత్త పుస్తకం నేనే తయారుచెయ్యాలన్నారు.

ఆ మీటింగుల గురించి రాస్తే అదే ఒక హాస్య కథ అవుతుంది. ఎవరి సంఘం పేరు ముందు ఉండాలన్న దానిమీద ఒక ఎండాకాలమంతా గడిచింది. చివరికి నేనే గుండ్రటి రబ్బరు ముద్ర చేయించాను, రెండు పేర్లూ అంచు చుట్టూ తిరిగేలా. ఎక్కడ మొదలుపెట్టి చదివితే వాళ్ళదే ముందు. ఇద్దరూ టీ తాగి వెళ్ళారు. ఏడీ గారు ఉంటే మెచ్చుకునేవారు.

సుడుల తగాదా

అసలు తగాదా సుడుల దగ్గర వచ్చింది. గుర్రం ఒంటిమీద వెంట్రుకలు కొన్నిచోట్ల గుండ్రంగా తిరుగుతాయి. మనిషి నడినెత్తిన ఉన్నట్టే. సంగారెడ్డి వాళ్ళకు గుర్రమంటే ముందు సుడులే. నుదుటి మీద ఉంటే ఇంటికి మంచిది. గొంతు మీద ఉంటే సంపద. కంటి కింద చెంప మీద ఉంటే మాత్రం కన్నీటి సుడి, యజమాని ఏడుస్తాడు. అలాంటి గుర్రాన్ని పెళ్ళికొడుకు బరాతు ఊరేగింపులో ఎక్కితే కొత్త పెళ్ళికూతురు ఏడుస్తుంది. వాళ్ళ పాత పుస్తకంలోకి కన్నీటి సుడి గుర్రాన్ని రానిచ్చేవారే కాదు.

వెంకటరత్నం గారి జట్టుకు అది మూఢనమ్మకం. "వెంట్రుకలు చూసి గుర్రాన్ని కొనడమేవిటండీ? ఎత్తు కొలవాలి, ఎముక చూడాలి" అనేవారు.

"మీరు కొల్చుకోండ్రి సారూ, మేం వద్దంటలేం. సుడి రాయని పుస్తకం మీద మాత్రం నేను దస్కత్ పెట్ట" అన్నారు పటేలు. అంతటితో రెండు జట్లూ మళ్ళీ విడిపోయేలా ఉన్నాయి.

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. సుడులు రాయడం మా చదువులో ఉన్నదే. గుర్రాన్ని గుర్తుపట్టడానికి డాక్టర్లు దాని ఆకారం అచ్చువేసిన కాగితం మీద తెల్లమచ్చలు ఎర్ర సిరాతోనూ, సుడులు నల్ల ఇంటూ గుర్తుతోనూ గీస్తారు. ఏ రెండు గుర్రాల సుడులూ ఒకేలా ఉండవు. కాబట్టి ప్రతి గుర్రానికీ బొమ్మ గీద్దాం, సుడులన్నీ చూపిద్దాం, మంచిదని గానీ చెడ్డదని గానీ రాయొద్దు అన్నాను. సుడి పుస్తకంలోకి వచ్చింది కాబట్టి పటేలుకు సంతోషం. దోషమని రాయలేదు కాబట్టి వెంకటరత్నం గారికి సంతోషం. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకు ఎంత గర్వంగా చెప్పుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

రాసేవాళ్ళకు అది గుర్తు మాత్రమే. చదివేవాళ్ళకు ఏమిటో నేను ఆలోచించలేదు.

పెంటారెడ్డి వాకిట్లో

పెంటారెడ్డి కాజీపల్లి దగ్గరి రైతు. రెండు సంఘాల్లోనూ చేరి, నోటి దురుసు వల్ల రెండింట్లోంచీ బయటికొచ్చిన ఘనుడు. భూములు ఫ్యాక్టరీలకు పోయాయి. తన పొలం ఉన్నచోటే కట్టిన మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసేవాడు. తండ్రి నాటి గుర్రాల్లో మిగిలింది మోతి అనే ఆడగుర్రం ఒక్కటే. తేనెరంగు, చిన్న చెవులు, నిలబడితే నేలకు అతుక్కున్నట్టు నిలబడేది. నేను చూసిన దక్కనీ గుర్రాల్లో అంత చక్కటిది ఇంకోటి లేదు. దాన్ని బరాతులకు కిరాయికిచ్చేవాడు. ఆ డబ్బు దాని దాణాకు సరిపోయేది. కొత్త పుస్తకంలోకి ఎక్కితే మంచి మగగుర్రంతో దాటించి, తండ్రి నాటి వంశాన్ని మళ్ళీ నిలబెట్టాలని అతని ఆశ.

నేను వెళ్ళేసరికి మోతి ఎడమ చెంప మీద వెంట్రుకలు కురచగా ఉన్నాయి. పైన మసి పూసి ఉంది. నాకు నవ్వొచ్చింది.

"ఏం పెంటారెడ్డి గారూ, కత్తెర పెట్టారా?"

"కత్తెరా? ఏం కత్తెర? గడ్డివామికి రాసుకున్నది."

"గడ్డివాములో మసి కూడా ఉందా?"

అతను గుర్రుమన్నాడు. నేను తడిగుడ్డతో మసి తుడిచి, వేలితో నిమిరి చూశాను. వెంట్రుక ఎంత కురచగా కత్తిరించినా తిరిగే దిక్కు మారదు. కంటి కింద వేలెడు దూరంలో సుడి, స్పష్టంగా. కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టాను.

"డాక్టరమ్మా, జెర ఆగు. అది రాయకుంటె ఏమైతది?"

"ఇది దోషం కాదండీ. గుర్తు మాత్రమే. టెన్త్ సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాయరా? అంతే."

"పుట్టుమచ్చ జూసి పిల్లనియ్యం అంటరా ఎవలన్న? దీన్ని జూసి మగగుర్రాన్నియ్యం అంటరు. గా పటేలు నాకు తెల్వదా?"

"అందరి గుర్రాలకూ ఒకే రూలు" అన్నాను. చాలా నిక్కచ్చిగా అన్నాను. అతను నన్ను నానా మాటలూ అన్నాడు. ఆంధ్రోళ్ళ తెలివి అన్నాడు, గవర్నమెంటు కుర్చీ పొగరు అన్నాడు. కాసేపటికి తనే చల్లబడి చాయ్ తెప్పించాడు. తాగుతూ మోతి మెడ మీద చెయ్యేసి చెప్పాడు. "దీని కడుపున ఒక్క పోరడు పుట్టిండు. అచ్చం దీని లెక్కనే. బిడ్డ పెండ్లికని దలాలికి అమ్మిన. మహారాష్ట్ర సంతకు తోల్కపోయిండట. ఇగ యాడున్నడో."

ఆ సాయంత్రం జీపులో తిరిగొస్తూ, ఎవరి తిట్లకూ బెదరకుండా నిజం రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

వెంకటరత్నం గారి షెడ్డులో

వెంకటరత్నం గారి గుర్రాల్లో మేటి బాద్‌షా. మహారాష్ట్ర సంతలో కొన్న మగగుర్రం. కొత్త పుస్తకం దానితోనే మొదలవ్వాలని రెండు జట్లూ ముందే ఒప్పుకున్నాయి. పటేలు కూడా తన ఆడగుర్రాలను దానితో దాటించడానికి తొందరపడుతున్నారు. దూరం నుంచి చూశారే గాని ఎవరూ దగ్గరగా చెయ్యి వేసి చూసింది లేదు.

నేను వెళ్ళిన రోజున దాని ఎడమ చెంప మీద పసుపు మందు మెత్తి ఉంది. కింద వెంట్రుకలు కురచ.

"పుండు పడిందమ్మా. మందు రాశాం" అన్నారు వెంకటరత్నం గారు.

నేను మందు పక్కకు జరిపాను. పుండు లేదు. వేలితో నిమిరాను. కంటి కింద వేలెడు దూరంలో సుడి, అదే చోట, అదే తిప్పు. తల వెనక్కి తీసి చూశాను. తేనెరంగు, చిన్న చెవులు, నిలబడిన తీరు. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. పెంటారెడ్డి దలాలికి అమ్మిన గుర్రప్పిల్ల నా ముందు నిలబడి ఉంది. వెంకటరత్నం గారికి ఆ సంగతి తెలియదు. తెలిసింది సుడి ఒక్కటే.

ఆయన షెడ్డులోంచి పనివాళ్ళను పంపేశారు. "అమ్మాయ్, నువ్వు మావైపు పిల్లవి. నీతో దాపరికమేముంది? నాకు ఈ సుడుల మీద నమ్మకం లేదు. కానీ పటేలు ఈ బొమ్మ చూశాడంటే సంతకం పెట్టడు. ఇన్నేళ్ళు తిరిగాం, ఇంతమందిని ఒప్పించాం. ఒక్క ఇంటూ గుర్తుకు అంతా పోతుంది. నీకు ఇది కనబడిందా?"

నేను గుర్రం వైపు చూశాను. అది నా చీర కొంగు వాసన చూస్తోంది.

"మందు ఉంది కదండీ. ఈ రోజు సరిగా కనబడటం లేదు" అన్నాను.

గీయలేదు. తల్లి అన్నచోట ఆయన చెప్పినట్టే "తెలియదు, సంతలో కొన్నది" అని రాశాను. కింద సంతకం పెట్టాను.

ఆయన నాకేమీ ఇవ్వలేదు, నేనూ ఏమీ ఆశించలేదు. లంచం తీసుకుని ఉంటే తిట్టుకోవడానికి కనీసం ఒక పేరుండేది. నేను చేసింది మంచి పని కోసమే అనుకున్నాను. రెండు జట్లు కలిస్తే జాతి బతుకుతుంది కదా! మోతికి గీసినప్పుడు మాత్రం జాతి గుర్తుకు రాలేదు, రూలు గుర్తొచ్చింది. పెంటారెడ్డి సంతకంతో ఎవరికీ పనిలేదు. అసలు సంగతి అంతే. దానికి నేను ఎన్ని బట్టలు తొడిగినా అంతే.

కలిసిన రోజు

సంగారెడ్డి రోడ్డు మీద ఒక మైదానంలో సభ పెట్టారు. షామియానా, మైకు, బిర్యానీ, పక్కన పులిహోర. గుర్రాలన్నిటినీ ఊరేగించారు. పటేలు నా బొమ్మలు ఒక్కొక్కటీ తిరగేసి, బాద్‌షా బొమ్మ దగ్గర "మచ్చ లేని మొకం" అని తల ఊపి సంతకం పెట్టారు. మోతి బొమ్మ దగ్గర ఆగి, పెదవి విరిచి, పక్కాయనకు చూపించారు. ఆయన ఇంకొకరికి చూపించాడు.

బాద్‌షాను మైదానంలోకి తెచ్చినప్పుడు పెంటారెడ్డి తాడు పక్కనే ఉన్నాడు. నేను వేదిక మీద నుంచి అతన్నే చూస్తున్నాను. ఊరికే నోరు మూసుకునే మనిషి కాదు. ఇప్పుడు అరుస్తాడు, అంతా బయటపడుతుంది అనుకున్నాను. అతను ఆ గుర్రాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. అది మలుపు తిరిగి పోయేదాకా చూశాడు. ఏమీ అనలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని మోతి దగ్గరికి వెళ్ళిపోయాడు. గుర్తుపట్టలేదులే, బతికిపోయాను అనుకున్నాను.

తర్వాత పుస్తకాన్ని బొమ్మలతో సహా అచ్చువేసి అందరికీ పంచారు. అదే మోతి కొంప ముంచింది. బ్యాండుమేళం వాళ్ళు, పెళ్ళిళ్ళ ఏర్పాట్లు చేసేవాళ్ళు కూడా అది చూశారు. అంతకుముందు ఆ సుడిని ఎవరూ గమనించలేదు. బరాతు రాత్రి పెట్రోమాక్స్ వెలుగులో, పూల ముసుగు కింద ఎవరికి కనబడుతుంది? ఇప్పుడు డాక్టరమ్మే గీసి సంతకం పెట్టింది. కిరాయిలు ఆగిపోయాయి. దాటించడానికి మగగుర్రం ఇచ్చేవాళ్ళూ లేరు.

పెంటారెడ్డి ఆసుపత్రికి వచ్చాడు. తిడతాడని సిద్ధంగా కూర్చున్నాను. తిట్టలేదు. బల్ల ముందు నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, నీకు దండం వెడ్త. గా గుర్తు తీసెయ్. తప్పు రాసిన అని ఒక్క మాట అను."

"తప్పు రాయలేదు కదండీ. ఉన్నదే రాశాను."

"ఉన్నదే. నేను లేదంటలేను." బల్ల మీద చెయ్యి ఆనించాడు. "అందరి గుర్రాలకూ గిట్లనే రాసినవా?"

"అందరికీ ఇలాగే రాశాను" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. "సరే తియ్" అని వెళ్ళిపోయాడు. నా ఉద్యోగం మొత్తంలో నేను చెప్పిన పూర్తి అబద్ధం అదొక్కటే. అంతకుముందువన్నీ చిన్నవిచేసిన నిజాలు.

ఇంకో ఏడాది అతను వాచ్‌మన్ జీతంతోనే మోతిని సాకాడు. నేను ఒకరిద్దరు బ్యాండు వాళ్ళ దగ్గరికి వెళ్ళి సుడికీ పెళ్ళికీ సంబంధం లేదని చెప్పి చూశాను. "అయితే ఎందుకు రాసిన్రు మేడం?" అన్నారు. చివరికి మోతిని బీదర్ వైపు ఇటుక బట్టీల మనిషికి అమ్మేశాడని విన్నాను. అక్కడికి వెళ్ళిన గుర్రం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

లక్ష్మీ సుడి

బాద్‌షా పిల్లలు పుట్టడం మొదలైంది. చాలావాటికి ఎడమ చెంప మీద సుడి. పటేలు ఇంట్లో పుట్టినవాటికీ అదే. మొదట అందరూ గుసగుసలాడుకున్నారు. కానీ అవి పారేసే గుర్రాలు కావు. చూడముచ్చటగా ఉన్నాయి, మంచి ధర పలుకుతున్నాయి. అప్పుడు పటేలు పెద్దలు చెప్పిన మాట ఒకటి గుర్తుతెచ్చుకున్నారు. కంటిని ఆనుకుని ఉంటేనే కన్నీటి సుడి. వేలెడు కిందికి ఉంటే లక్ష్మీ సుడి.

రెండువేల సంవత్సరం దాటాక జరిగిన సర్వసభ్య సమావేశంలో తీర్మానం కూడా చేశారు. ఎడమ చెంప సుడి దోషం కాదు, అసలైన దక్కనీ రక్తానికి గుర్తు అని. చప్పట్లు మోగాయి. వెంకటరత్నం గారు నా వైపు చూసి నవ్వారు. నేను వేదిక మీద ఉన్నాను, మెడలో దండ ఉంది. లేచి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. నేనూ చప్పట్లు కొట్టాను.

అమీన్‌పూర్

రిటైరయ్యాక మా అమ్మాయి అమీన్‌పూర్‌లో ఫ్లాటు కొనుక్కుంది. మొదటిసారి వెళ్ళిన రోజున ముందు గేటు తీసిన వాచ్‌మన్ పెంటారెడ్డి. జుట్టంతా నెరిసింది, నోరు మాత్రం అలాగే ఉంది. అడ్డంగా బండి పెట్టిన కుర్రాణ్ణి కడిగేస్తున్నాడు. నన్ను చూసి, "ఓ డాక్టరమ్మా, సల్లగున్నవా?" అని కుర్చీ వేశాడు.

సుడి గురించి చేసిన తీర్మానం అతనికి నేనే చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. నా బరువు కొంచెం అతని మీద దించుకోవాలని కావచ్చు. మోతి అలా పోకుండా ఉండాల్సింది అన్నాను. తర్వాత బాద్‌షా మోతి కొడుకే అన్నాను.

"నాకు తెల్వదా?" అన్నాడు. "నా చేతులల్ల పుట్టిండు. మైదానంల సూడంగనె గుర్తువట్టిన. పుస్తకంల మొకం సాఫ్ ఉన్నది గూడ సూసిన."

"మరి ఆ రోజు ఎందుకు అనలేదు? మీరు అరిచి ఉంటే నేను..."

"అరిస్తె ఏమైతుండె? గా పటేలు దాన్ని గూడ ఎల్లగొడ్తుండె. తల్లి ఎట్లయినా మునిగింది. కొడుకన్న ఉండనీ అని ఊకున్న."

ఆ రోజు నన్ను కాపాడింది నా అదృష్టం కాదు, అతని మౌనం. నా పరువును కాపాడాలని అతననుకోలేదు. అది దానంతటదే మిగిలిపోయింది.

"ఇప్పుడన్న అండ్ల తల్లి పేరు రాసిన్రా?" అని అడిగాడు.

"రాయిస్తాను" అన్నాను.

మర్నాడే సంఘం ఆఫీసుకు వెళ్ళాను. వెంకటరత్నం గారు లేరు, పటేలూ లేరు, ఇద్దరూ కాలం చేశారు. కార్యదర్శి ఇప్పుడు ఒక కుర్రవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, గుర్రాలంటే ప్రాణం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. బాద్‌షా తల్లి పేరు రాయాలన్నాను. "తప్పకుండా మేడం. అది మాకు కూడా గొప్పే. ఆధారం ఏముంది?"

"సుడి" అన్నాను. "తల్లికీ కొడుక్కీ ఒకే చోట."

అతను కంప్యూటర్లో రెండు బొమ్మలూ పక్కపక్కన తీశాడు. మోతి చెంప మీద నల్లటి ఇంటూ గుర్తు. బాద్‌షా చెంప శుభ్రంగా ఉంది.

"లేదు కదా మేడం? బాద్‌షాకు సుడి లేదు."

"ఉంది. నేను గీయలేదు."

అతను రెండు బొమ్మలూ మళ్ళీ చూశాడు. కోప్పడలేదు, చాలా మర్యాదగానే అన్నాడు. "మేడం, ఈ పుస్తకం మొత్తం మీ బొమ్మల మీద నిలబడి ఉంది. ఒకటి తప్పని రాసిస్తే, మిగతావి ఎన్ని తప్పు అని అడుగుతారు. ఇప్పటికే కొందరు విడిపోదామని చూస్తున్నారు. మళ్ళీ రెండు పుస్తకాలవుతాయి. అయినా రాసిస్తానంటే ఇవ్వండి, కమిటీలో పెడతాను."

కాగితం, పెన్ను నా ముందు పెట్టాడు. నేను పెన్ను తీసుకున్నాను. కాసేపటికి కింద పెట్టి, ఆలోచించి చెప్తానని లేచి వచ్చేశాను.

ఇంకా చెప్పలేదు. బాద్‌షా తల్లి పేరు మోతి అని నేను రాసింది ఈ కాగితం మీదే మొదటిసారి. మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంటుకు వెనక వైపు ఇంకో గేటు ఉంది, చెత్తబండి వచ్చేది. కొన్నాళ్ళుగా నేను ఆ గేటు నుంచే వెళ్ళి వస్తున్నాను.